ఇచ్చట విగ్రహం లేదు

తుమ్మలకుంట మండలంలో ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చిన మూడో రోజుకల్లా కళ్ళూ ముక్కూ ఉన్న ప్రతి విగ్రహానికీ ముసుగు పడింది. బస్టాండులో నిలబడ్డ నాయకుడికి పాత దుప్పటి, పంచాయతీ ఆఫీసు ముందున్న నాయకుడికి యూరియా బస్తాలు, ఆసుపత్రి గేటు దగ్గరున్న దాతగారికి ఆసుపత్రి పక్కగుడ్డే. ఓటరు పొరపాటున విగ్రహం మొహం చూస్తే మనసు మార్చుకుంటాడని పైవాళ్ళ భయం. ఓటరు ఆ మొహాల వంక చూసి ఎన్నేళ్ళయిందో పైవాళ్ళకు తెలియదు.

తాసిల్దారు విజయసారథిగారు "మండలమందలి విగ్రహములన్నియు కప్పబడినవి" అని రాసి పంపి, చేతులు దులుపుకుని టీ తెప్పించుకున్నారు. టీ చల్లారకముందే ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. పాత హైవే పక్కన శ్రమజీవుల వనంలో ముప్ఫై ఆరడుగుల విగ్రహాలు ఏడు ఉన్నాయనీ, వాటి మీద చేతిరుమాలు కూడా లేదనీ, తాసిల్దారుగారు ఎవరి మేలు కోరి ఊరుకున్నారో ప్రజలు గమనిస్తున్నారనీ అందులో ఉంది. ప్రజలు గమనించడం అటుంచి, అక్కడ అలాంటి వనం ఒకటి ఉందని ఆఫీసులో సగం మందికి గుర్తే లేదు.

ముప్ఫై ఏళ్ళ కింద జిల్లాకు వచ్చిన ఒక కలెక్టరుగారికి పెద్ద బొమ్మలంటే ఇష్టం. గొర్రెల కాపరి, కుమ్మరి, జాలరి, గీత కార్మికుడు, రాళ్ళు కొట్టేవాడు, నాగలి పట్టినవాడు, చేట పట్టుకుని వడ్లు చెరిగే ఆడమనిషి. ఏడుగురినీ సిమెంటుతో ఆకాశానికెత్తి నిలబెట్టించారాయన. నాలుగేళ్ళు బస్సులు ఆగాయి. కాపరి కాళ్ళ సందున నిలబడి జనం ఫోటోలు దిగారు. తర్వాత అర కిలోమీటరు అవతల బైపాసు పడింది, బస్సులు అటు మళ్ళాయి, తుమ్మచెట్లు ఇటు మళ్ళాయి. టికెట్ల గదిలో మేకలు కాపురం పెట్టాయి. మట్టిరంగుకు తిరిగిన విగ్రహాలు తుమ్మల మధ్య కలిసిపోయి, బైపాసు మీద పోయేవాళ్ళ కంటికి ఆనకుండా పోయాయి.

ఆ వనానికి ఇప్పుడు ఒక్కడే సందర్శకుడు, లింగాచారి మాస్టారు. ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరు, రిటైరు కావడానికి నాలుగు నెలలుంది. ముప్ఫై రెండేళ్ళ వయసులో ఆ ఏడు విగ్రహాలనూ చేసింది ఆయనే. ఆదివారం ఆదివారం సైకిలు మీద వచ్చి, చేట పట్టుకున్న ఆడమనిషి ఎదురుగా ఒక రాయి మీద కూర్చుని, గంటసేపు ఉండి పోతారు. ఎందుకంటే ఆ మొహం ఆయన భార్య కాళికాంబది.

పెళ్ళయిన కొత్తలో ఆమె పనిచోటికి క్యారియరు తెచ్చేది. ఏడో బొమ్మకు మొహం కుదరక మాస్టారు తల పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతున్న ఆమె మొహమే పనికొచ్చింది. బొమ్మ పూర్తయ్యాక కాళికాంబ తల పైకెత్తి చూసి, "నా ముక్కు అంత పెద్దదా?" అని మూడు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత దాదాపు పాతికేళ్ళపాటు ఆ దారిన ఎప్పుడు పోయినా మొహం పక్కకు తిప్పుకునేది. ముక్కు సరిగ్గానే ఉందని మాస్టారు, పెద్దదైందని ఆమె. ఆ తగవు తీరకుండానే ఆరేళ్ళ కింద ఆమె పోయింది. ఇంట్లో మిగిలింది పెళ్ళినాటి గుంపు ఫోటో ఒక్కటే, అందులో తల దించుకుని ఉంది, పాపిట తప్ప ఏమీ కనపడదు. తలెత్తి చూసే కాళికాంబ ఈ భూమ్మీద ఆ వనంలోనే ఉంది.

అందుకని ఆ విగ్రహాల విషయమై తాసిల్దారుగారు రమ్మన్నారనగానే మాస్టారు క్లాసు మధ్యలోనే వదిలి సైకిలెక్కారు.

"లింగాచారిగారూ, సదరు విగ్రహములు ఎవరివి?" అన్నారు విజయసారథిగారు. ఆయన మాట్లాడుతుంటే ఎవరో పక్కన కూర్చుని టైపు కొడుతున్నట్టుండేది.

"ఎవరివీ కావు సార్. పని చేసుకునేవాళ్ళ బొమ్మలు."

"అదే ప్రమాదం. నాయకుని విగ్రహమైనచో ఫలానావారిదని తెలిసి ఉండును. ఎవరివీ కానివి ఎవరివైనా కావచ్చు. రేపు ఏ అభ్యర్థి అయినా ఇది మా తాతదని వచ్చి నిలబడితే బాధ్యులు ఎవరు?"

మాస్టారు జవాబు చెప్పేలోపే ఆయన్ను 'మహాకాయ విగ్రహముల గుర్తింపు మరియు ఆచ్ఛాదన నోడల్ అధికారి'గా నియమిస్తూ ఉత్తర్వు చేతిలో పడింది. విగ్రహాలు చేసినవాడే కప్పుతాడు గనక పని పద్ధతిగా ఉంటుందని అందరూ సంతోషించారు.

"మినహాయింపు ఏమైనా ఉంటుందా సార్?" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"రాజకీయ సంబంధము లేని వ్యక్తి విగ్రహమైన యెడల, వివరములు పట్టికయందు పొందుపరచినచో, సానుభూతితో పరిశీలించబడును."

ఆ సానుభూతి అన్న మాట పట్టుకుని మాస్టారు మర్నాడు వనానికి పోయారు. వెంట వీఆర్వో ఏడుకొండలు, టేపూ పట్టికా పట్టుకుని. గేటు దగ్గర కాశింబీ టీకొట్టు ఒక్కటే తెరిచి ఉంది. బైపాసు పడ్డాక అందరూ కొట్లు ఎత్తేసుకుని పోయారు. కాశింబీ మాత్రం బస్సులు దారి తప్పాయనీ, ఎప్పటికైనా బుద్ధి తెచ్చుకుని తిరిగి వస్తాయనీ అక్కడే ఉండిపోయింది. పొలాలకు పోయేవాళ్ళే ఆమె బేరం.

"ఏంది మాస్టారూ, ఇయ్యాల ఆదివారం కాదే!" అంది.

"గవర్మెంటు పని మీద వచ్చాంలే కాశింబీ."

"గవర్మెంటుకి ఈ దోవ ఎవురు చెప్పారంట?"

ఏడుకొండలు కాపరి కాలి వేలు దగ్గర టేపు పెట్టి పని మొదలుపెట్టాడు. పట్టికలో ఇరవై రెండు గళ్ళున్నాయి. విగ్రహం పేరు, తండ్రి పేరు, మరణించిన తేదీ, నిర్వహించిన పదవులు, వారసులు. తండ్రి పేరు దగ్గర ఏడుకొండలు ఆరుసార్లు "సిమెంటు" అని రాసి, పదవుల దగ్గర "కాపరి", "కుమ్మరి" అని నింపుకుంటూ వచ్చాడు. గీత కార్మికుడి భుజం మీద మొలిచిన రావిమొక్కను ఏ గడిలో రాయాలో తేలక, ఆలోచించి ఆలోచించి వారసుల గడిలో రాశాడు.

ఏడో విగ్రహం దగ్గర ఆగి తలెత్తి చూశాడు. "ఈమె ఎవురు సార్? మిగతావాళ్ళ మొగాలు ఒక మాదిరి బొమ్మల్లాగా ఉండయ్. ఈమె మాత్రం ఏందో అడగబోతన్నట్టు చూస్తంది."

మాస్టారు పట్టిక తీసుకుని తనే రాశారు. పేరు, కాళికాంబ. వృత్తి, గృహిణి. రాజకీయ సంబంధం, లేదు. నోడల్ అధికారితో సంబంధం అన్న గడిలో, భార్య. ఇంత నిజం రాశాక సానుభూతి రాకుండా ఎక్కడికి పోతుందనుకున్నారు. సర్కారు పట్టికలో నిజం రాయడం ఆయనకు అదే మొదటిసారి.

విజయసారథిగారు పట్టిక చదివి, కళ్ళజోడు తుడుచుకుని, బీరువాలోంచి ఓటర్ల జాబితా తీయించారు. వేలు పెట్టి చూపించారు. వరుస సంఖ్య నాలుగు వందల పన్నెండు, కాళికాంబ, భర్త లింగాచారి.

"ఆమె పోయి ఆరేళ్ళయింది సార్. పేరు తీసేయమని మూడుసార్లు అర్జీ పెట్టాను."

"అర్జీలు పరిశీలనలో ఉన్నవి. పరిశీలన ముగియువరకు ఆమె ఓటరే. ఇక విషయానికి వద్దాం. ఐదో వార్డున స్వతంత్ర అభ్యర్థికి కేటాయించిన గుర్తు ఏది?"

"చేట సార్" అన్నాడు ఏడుకొండలు.

"తమరి శ్రీమతిగారు ఓటరై ఉండి, చేట గుర్తును చేతబట్టి, బహిరంగ ప్రదేశమున, ముప్ఫై ఆరడుగుల ఎత్తున, ఇరవై నాలుగు గంటలూ నిలబడి ఉన్నారు. దీనిని ప్రచారము అనకపోతే దేనిని అనవలెను? నేను సానుభూతితో పరిశీలించాను కనుకనే కేసు పెట్టడం లేదు."

మిగతా ఆరుగురికీ ఒక పొర, కాళికాంబకు రెండు పొరలు అని అక్కడికక్కడే తీర్మానమైంది. మాస్టారు అబద్ధం రాసి ఉంటే ఒక పొరతో పోయేది.

తర్వాత గుడ్డ సంగతి వచ్చింది. అన్ని పక్షాలవాళ్ళనూ పిలిచి సమావేశం పెట్టారు. ఎరుపు అంటే ఒకరు లేచారు, పసుపు అంటే ఇంకొకరు, ఆకుపచ్చ అంటే మరొకరు. నీలం అన్నప్పుడు ముగ్గురు ఒకేసారి లేచి, లేచినందుకు వాళ్ళలో వాళ్ళు కొట్లాడుకున్నారు. తెలుపు వేద్దామంటే, ముప్ఫై ఆరడుగుల శవాలు ఏడు నిలబడ్డట్టుంటుందనీ, జనం జడుసుకుంటే శాంతిభద్రతల సమస్య అనీ ఎస్సైగారు ఒప్పుకోలేదు. పొద్దు వాలే వేళకు ఏడుకొండలు చెయ్యెత్తాడు.

"షామియానా గుడ్డ వేద్దాం సార్. దాంట్లో అన్ని రంగులూ ఉంటయ్."

అన్ని రంగులూ ఉన్నచో ఏ రంగూ లేనట్లే భావించవలెనని మినిట్సులో రాసుకున్నారు. ఆ నెల ముహూర్తాలు లేక పెళ్ళిపందిళ్ళ గుడ్డలన్నీ గోడౌనులో ఊరికే పడి ఉన్నాయి. వేలాడే అంచులూ కుచ్చులూ ఉన్న గుడ్డలు రెండు ట్రాక్టర్ల నిండా వచ్చాయి. తాటిచెట్లు ఎక్కేవాళ్ళు నలుగురు మోకులు వేసుకుని విగ్రహాలెక్కారు. మధ్యాహ్నానికి ఆరుగురు శ్రమజీవులూ పెళ్ళిపందిళ్ళయి నిలబడ్డారు.

ఏడో విగ్రహం భుజం మీద నుంచి ఒకడు కేకేశాడు. "మాస్టారూ! కళ్ళ మీదకి లాగమంటారా, మెడ దాకా చాలా?"

మాస్టారు తాసిల్దారుగారి వంక చూశారు. "కళ్ళే ముఖ్యం" అన్నారు విజయసారథిగారు.

మాస్టారు చెయ్యి ఊపారు. అది లాగమని ఊపిందో వద్దని ఊపిందో ఆయనకే తెలియదు. పైనున్నవాళ్ళు లాగారు. ఆసుపత్రిలో ఆమె మొహం మీదకు గుడ్డ లాగిన రోజు గుర్తొచ్చి మాస్టారికి దుఃఖం ముంచుకొచ్చింది. నోడల్ అధికారి ఏడవకూడదని ఉత్తర్వులో ఎక్కడా లేదు గానీ, ఆయనే టికెట్ల గది వెనక్కి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చారు.

మర్నాడు బైపాసు మీద పోతున్న ఒక లారీడ్రైవరుకు తుమ్మల మీదుగా రంగురంగుల పందిళ్ళు కనిపించాయి. లారీ ఇటు తిప్పి, కాశింబీ కొట్టు ముందు ఆపి, "భోజనాలు ఎక్కడ?" అనడిగాడు.

"పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు. టీ ఉంది, తాగుతావా?"

"మరి ఆ పందిళ్ళేంది?"

"పందిళ్ళు కాదయ్యా, బొమ్మలు. మూసి పెట్టారు."

"ఎవరియంట?"

"చెప్పకూడదంట."

"అయితే పెద్దోళ్ళయే అయ్యుంటయ్" అని డ్రైవరు చెప్పులు విప్పి, పందిళ్ళకు దణ్ణం పెట్టి పోయాడు. ఆ సాయంత్రానికి పాతిక బండ్లు వచ్చాయి. వారం తిరిగేసరికి బజ్జీల బండ్లు వచ్చాయి, చెరుకురసం వచ్చింది, పిల్లలకు బూరలు వచ్చాయి. పాతికేళ్ళుగా మొహాలు చూపించుకుంటూ నిలబడ్డా ఒక్కడూ తిరిగి చూడని విగ్రహాల కోసం, మొహం దాచుకోగానే జనం ఎగబడ్డారు. కాశింబీ రెండో పొయ్యి వెలిగించి, "చూశారా, నే చెప్పలా? బస్సులకి బుద్ధొచ్చింది" అంది.

ముసుగు కింద ఉన్నది తమ నాయకుడేనని ఒక పక్షం నిచ్చెన వేసి నాలుగో విగ్రహానికి దండ వేసింది. ఆ దండ చూసి రెండో పక్షం మిగతా ఆరూ తమవేనంది. చేట గుర్తు అభ్యర్థి రోజూ పొద్దున ఏడో విగ్రహం పాదాల దగ్గర కొబ్బరికాయ కొట్టసాగాడు. ఫిర్యాదులు సంచుల్లో వచ్చాయి. విజయసారథిగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"విగ్రహముల కన్న ముసుగులకే ప్రాచుర్యము ఎక్కువైనది. ముసుగు తీయుటకు వీలు లేదు, ఉంచుటకు వీలు లేదు. మార్గాంతరం?"

మార్గాంతరం ఆయనే చెప్పారు. అది ఆయన అలవాటు. విగ్రహాలు లేవని ప్రకటిస్తే చూడటానికి ఎవరూ రారు. రెండు రోజుల్లో ఏడు బోర్డులు లేచాయి. "ఇచ్చట విగ్రహం లేదు. చూడరాదు. తాసిల్దారు." ఒక్కో బోర్డు దగ్గర ఒక కానిస్టేబులు, ఎవరూ తలెత్తకుండా. జనం బోర్డులతో ఫోటోలు దిగడానికి ఇంకో వంద బండ్ల మీద వచ్చారు.

బోర్డుకు బలం కావాలని ధ్రువీకరణ పత్రం కూడా తయారైంది. సదరు స్థలములో పరిశీలించగా విగ్రహములేవియు లేవని. కింద వీఆర్వో సంతకం, నోడల్ అధికారి సంతకం.

"ఇదెలా పెట్టేది సార్? ఉన్నవాటిని లేవని..."

"కోడ్ ముగిసేవరకే మాస్టారూ. లాంఛనం."

మాస్టారు సంతకం పెట్టారు. నెలరోజులే గదా, తర్వాత ఆమె మొహం ఆమెది అనుకున్నారు.

ఎన్నికలు అయిపోయాయి. చేట గుర్తు అభ్యర్థికి పద్దెనిమిది ఓట్లు వచ్చాయి. బస్టాండు నాయకుడి దుప్పటి ఎవరో అప్పటికే ఎత్తుకుపోయారు, పంచాయతీ నాయకుడి బస్తాలు తీశారు, దాతగారి పక్కగుడ్డ ఉతక్కుండానే మళ్ళీ మంచమెక్కింది. వనంలో మాత్రం ముసుగులు కదల్లేదు. మాస్టారు అర్జీ పట్టుకుని పోయారు.

విజయసారథిగారు ఫైలు తిప్పారు. "ఉన్న విగ్రహములకు ముసుగు తొలగించవచ్చును. లేని విగ్రహములకు ఎట్లు తొలగించగలము? ఇదిగో, తమరి సంతకమే."

"మరి ముసుగు ఎందుకు వేశారు సార్?"

"విగ్రహములు ఉన్నందున."

"ఇప్పుడు?"

"లేనందున తీయలేము."

"ఉన్నాయని ఇంకో కాగితం రాసిస్తాను సార్. నా చేతులతో చేసినవి."

"అప్పుడు మొదటిది తప్పుడు ధ్రువీకరణ అగును. రిటైర్మెంటు ముందు తప్పుడు ధ్రువీకరణ మీద విచారణ మొదలైనచో పింఛను కాగితములు కదలవు. తమరి మంచి కోరి చెబుతున్నాను."

నిజంగానే మంచి కోరే చెప్పారాయన. మొహం చూస్తే తెలుస్తుంది. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది, అయినా అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆదివారాలు మాత్రం మానలేదు. పోయి, రాయి మీద కూర్చుని, రెండు పొరల షామియానా వంక చూసి వచ్చేవారు.

ఇంతలో జనం వస్తున్నారన్న వార్త జిల్లా ఆకర్షణాభివృద్ధి మండలి చెవిన పడింది. జనం రాని చోట్లను అభివృద్ధి చేసి ఇంకా రాకుండా చెయ్యడం ఆ మండలి వృత్తి. వాళ్ళు వనానికి 'ముసుగుల వనం' అని పేరు మార్చి, చిరిగిన షామియానాల మీద నుంచి శాశ్వతంగా బూడిదరంగు టార్పాలిన్లు వెయ్యాలని నిర్ణయించారు. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి వచ్చారు. అక్కడొక చిక్కొచ్చింది. ప్రారంభమంటే తాడు లాగాలి, తాడు లాగితే తెర పడాలి, తెర పడితే విగ్రహం కనపడాలి. లేని విగ్రహం కనపడితే తాసిల్దారు ఉద్యోగం పోతుంది. అందుకని గిలకలు తిరగేసి బిగించారు. ముఖ్య అతిథి తాడు లాగగానే బాజాలు మోగాయి, టార్పాలిన్లు కాళ్ళ దగ్గర్నుంచి పైకి లేచి ఏడుగురినీ నెత్తి దాకా కప్పేశాయి. జనం చప్పట్లు కొట్టారు.

"ఎక్కడైనా తెర తీసి ప్రారంభిస్తారు" అన్నారు ముఖ్య అతిథి మైకులో. "మనం తెర వేసి ప్రారంభించాం. ఇటువంటిది ఇంకెక్కడా జరగలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

కాళికాంబకు ఇప్పుడు మూడు పొరలు.

షామియానా లోపలికి పోయి టార్పాలిన్ పైకి వచ్చేసరికి పెళ్ళికళ పోయింది. బైపాసు మీద నుంచి చూస్తే ధాన్యం మీద పట్టాలు కప్పినట్టుంది. బండ్లు తగ్గాయి. లోపల ఏముందో తెలియడం లేదని వచ్చినవాళ్ళు సలహాల పెట్టెలో చీటీలు వేశారు. మండలి మళ్ళీ కూర్చుంది. ప్రతి ముసుగు మీదా, 'లోపల ఉండియుండగల విగ్రహము యొక్క ఊహాచిత్రము' రంగుల్లో వేయించాలని తీర్మానించింది. చిత్రకారుడు ఎవరు? వారం కిందటే రిటైరై ఖాళీగా ఉన్న లింగాచారి మాస్టారు.

మాస్టారు కబురు విని తాసిల్దారు దగ్గరికి పోయారు. "ఒక్కసారి ముసుగు తీసి మొహాలు చూడనివ్వండి సార్. చూస్తే బాగా వేస్తాను."

"లేనిదానిని చూచి గీయుట నిబంధనలకు విరుద్ధం. ఊహాచిత్రమని స్పష్టముగా ఉన్నది. ఊహించండి."

వెదురు పరంజా కట్టారు. ఏడుకొండలు కింద నిలబడి రంగు డబ్బాలు తాడుతో పైకి పంపాడు. మాస్టారు మొదట ఏడో విగ్రహమే ఎక్కారు. ముప్ఫై అడుగుల ఎత్తున, టార్పాలిన్‌కు ఎదురుగా, ముప్ఫై ఏళ్ళ కింద నిలబడ్డ చోటే నిలబడి బొగ్గు చేతిలోకి తీసుకున్నారు. నుదురు గీశారు. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది.

మొహం రావడం లేదు. నాలుగు నెలలుగా చూడలేదు. కళ్ళు మూసుకుంటే పెళ్ళి ఫోటోలో దించుకున్న తల కనపడుతోంది, పాపిట కనపడుతోంది, మొహం లేదు. ఆమె పోయినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. బొగ్గు పారేసి, టార్పాలిన్ మీద అరచేయి పెట్టి తడిమారు. మూడు పొరల కింద ముక్కు తగిలింది.

బొగ్గు చెక్కుకునే బ్లేడు జేబులోనే ఉంది. నుదుటి దగ్గర గీత పెట్టి, చెంపల పక్కగా, గడ్డం కింద నుంచి గుండ్రంగా మూడు పొరలూ కోశారు. అంచులు లోపలికి మడిచి దబ్బనంతో చక్కగా కుట్టారు. చెంప మీద నాచు పట్టింది, కనురెప్ప మీద వాన మరక ఒకటి జారింది. అయినా కాళికాంబ అదే చూపు చూస్తోంది. ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావని అడుగుతున్నట్టే అనిపించింది. మాస్టారు పరంజా మీద కూలబడి పెద్దగా ఏడ్చారు. ఈసారి కళ్ళు తుడుచుకోలేదు.

కింద నుంచి ఏడుకొండలు తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. "సార్, రంగు పని బాగా కుదిరింది" అని కేకేసి, మిగతా ఆరు పరంజాలూ కట్టించడానికి పోయాడు.

పది రోజుల తర్వాత పరిశీలన సంఘం వచ్చింది. విజయసారథిగారు, మండలివారు ఇద్దరు, చలువ కళ్ళజోళ్ళు పెట్టుకుని తలలెత్తారు. ఏడు టార్పాలిన్లలోంచి ఏడు మొహాలు వాళ్ళ వంక చూశాయి.

"ఎంత సహజం!" అన్నాడు ఒకాయన. "నీడలు చూడండి. ముక్కు బయటికి వచ్చినట్టే లేదూ!"

"ఇప్పుడొచ్చే రంగులు అట్టాంటియి సార్" అన్నాడు ఏడుకొండలు, మొహంలో ఏమీ కనపడనీయకుండా.

"విగ్రహములతో పోలిక ఉన్నదా? అనగా, ఉండియుండగల విగ్రహములతో?"

"నేను కొలిచినప్పుడు అచ్చం ఇట్టాగే ఉండయ్ సార్. అంటే, లేనప్పుడు."

సంఘం అక్కడికక్కడే ఉత్తర్వు రాసింది. చిత్రములు మిక్కిలి సంతృప్తికరము. వీటిని చెరుపుట గాని, కప్పుట గాని, కోడ్ కాలమందు సైతము, నిషేధము. విజయసారథిగారు సంతకం పెట్టబోతూ ఆగి, ఏడో మొహం వంక ఇంకోసారి చూసి, చివర ఒక వాక్యం తన చేత్తో కలిపారు.

ఆదివారం నాడు మాస్టారు సైకిలు గేటు దగ్గర పెట్టారు. కాశింబీ టీ ఇచ్చి, మూలనున్న రంగు డబ్బాల వంక చూపించింది. "రంగులు సీలు కూడా ఇప్పలేదే మాస్టారూ?"

"ఇప్పలేదు కాశింబీ."

"మా బాగా ఏశారులే" అంది ఆమె నవ్వుతూ, ఇంకో బిస్కత్తు పెట్టి.

మాస్టారు టీ తీసుకుని పోయి రాయి మీద కూర్చున్నారు. జేబులోంచి ఉత్తర్వు నకలు తీసి, తలెత్తి, ఆమెకు వినపడేట్టుగా చివరి వాక్యం చదివారు. "ఏడవ చిత్రమందు ముక్కు ఒకింత పెద్దదైనది. ఇకమీదట చిత్రకారుడు జాగ్రత్త వహించవలెను."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సరేనే" అన్నారు. "పెద్దదే."